తొమ్మిదింపావు సూది

మా బాపు ముప్పై నాలుగేళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేశాడు. ఆ ముప్పై నాలుగేళ్లలో టికెట్ లేకుండా ఒక్క మనిషిని కూడా తన బండిలో నిలబడనివ్వలేదని ఇప్పటికీ ఛాతీ విరుచుకొని చెప్తాడు. అది నిజమేనని నాకు స్వయంగా తెలుసు. నాకు ఆరేళ్లప్పుడు అమ్మ నా చెయ్యి పట్టుకొని మలక్‌పేటలో ఆయన బస్సే ఎక్కింది. ఇంటివాళ్లకిచ్చే పాసు ఇంట్లో మరిచిపోయింది. బాపు మా దగ్గరికి వచ్చి, ముక్కూ మొహం తెలియని వాళ్లను అడిగినట్టు "టికెట్" అన్నాడు. అమ్మ కొరకొరా చూసింది. ఆయన అమ్మకు ఒకటి, నాకు అర టికెట్ చింపి చేతిలో పెట్టి, తన జేబులోంచి పైసలు తీసి తోలుసంచిలో వేసుకున్నాడు. ఆ రాత్రి అమ్మ గిన్నెలన్నీ ఎత్తి పడేసింది. "బస్సుల పెండ్లాం పిల్లలు ఉండరు, ప్యాసింజర్లే ఉంటరు" అని ఆయన జవాబు. రెండు రోజులు ఆయనకు అన్నం నేనే పెట్టాను.

నేను ఆయనలా కాదు. పుట్టు పిరికిదాన్ని. గ్యాసు కట్టేశానో లేదోనని షాలిబండ నుంచి చార్మినార్ దాకా పోయి కూడా స్కూటీ వెనక్కి తిప్పుకొని వచ్చే రకం. నయాపూల్ దగ్గర కోర్టు గోడను ఆనుకొని నాకొక చిన్న టైపు షాపు ఉంది. పొద్దంతా జనం వచ్చి వాళ్ల తగాదాలూ భయాలూ చెప్తుంటే నేను కాగితం మీదికి ఎక్కిస్తాను. సాయంత్రానికి వాటిలో సగం నాకే అంటుకుంటాయి. అమ్మ పోయి నాలుగేళ్లయింది. అప్పటినుంచి ఇంట్లో బాపు, నేను. ఆయన షుగర్ సూది కూడా అప్పటినుంచే నా చేతికి వచ్చింది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి.

ఆ సూది సంగతి ముందే చెప్పాలి, లేకపోతే మేము చేసిన తెలివితక్కువ పని అర్థం కాదు. ఇన్సులిన్ వేసుకున్నాక అరగంటలో కడుపులో అన్నం పడాలి. పడకపోతే ఒంట్లో ఉన్న షుగర్ కూడా దిగిపోయి మనిషి పడిపోతాడు. మరీ ఆలస్యమైతే మళ్లీ లేవడు. ఈ ముక్క డాక్టరమ్మ నాకు మూడుసార్లు చెప్పింది. "పళ్లెం ముందుకు వచ్చినంకనే సూది" అని కాగితం మీద రాసి మరీ ఇచ్చింది. ఆ కాగితం మా ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. నేను రోజూ చూస్తాను.

మరి చూస్తూ ఎందుకు తప్పానంటే, నాటకాల వల్ల. గౌలిగూడలో ఒక పాత హాలు ఉంది. నెలకోసారి అక్కడ పద్యనాటకం వేస్తారు. బాపు ఉద్యోగంలో ఉన్నప్పుడు కూడా ఆ రోజు డ్యూటీ మార్పించుకొని పోయేవాడు. ఇప్పుడు నా స్కూటీ వెనక కూర్చొని వస్తాడు. నాటకం అయ్యాక బేగంబజార్‌లో ఒక మార్వాడీ మెస్సులో భోజనం. ఆయనకు నాటకం ఎంతో ఆ భోజనం అంత. పెనం మీంచి నేరుగా పళ్లెంలోకి వచ్చే పుల్కాలు, వాటి మీద నెయ్యి, పలుచటి కఢీ, చివర్లో ఇంత ఖిచిడీ. పదిన్నరకు పొయ్యి ఆర్పేస్తారు. కిరాణా సేట్లు, గుమాస్తాలు, లెక్కలు రాసే మునీములు భుజాలు రాసుకొని కూర్చునే చోటు అది. అక్కడ నలుగురి మధ్య చొక్కా ఎత్తి పొట్టకు సూది వేయించుకోవడం బాపుకు నామోషీ. అందుకని ఆయనే ఒక టైమ్‌టేబుల్ కట్టాడు. నాటకం తొమ్మిదిన్నరకు అయిపోతుంది. తొమ్మిదింపావుకు, ఆఖరి సీను మొదలయ్యేటప్పుడు, హాలు పక్క వరండాలో చీకట్లో సూది. పావు తక్కువ పదికి పళ్లెం ముందు. రెండేళ్లు అది నిమిషం తప్పకుండా నడిచింది. నడిచింది కాబట్టి నా భయం కూడా నిద్రపోయింది.

ఆయన లెక్కలో లేనిది వన్స్ మోర్. పద్యనాటకం చూడనివాళ్లకు చెప్తున్నాను: నటుడు పద్యం ఎత్తుకొని, రాగం లాగి లాగి, చివర ఊపిరి ఆగేదాకా పట్టి వదుల్తాడు. నచ్చితే జనంలోంచి ఎవరో ఒకరు "వన్స్ మోర్!" అని అరుస్తారు. హాలంతా అందుకుంటుంది. అప్పుడు ఆ నటుడు, యుద్ధం మధ్యలో ఉన్నా, శవం ముందు ఉన్నా, కథను ఆపి, ఒక దండం పెట్టి, అదే పద్యం మళ్లీ పాడాలి. చచ్చిపోయిన పాత్రలు కూడా లేచి పాడి మళ్లీ చచ్చిన సందర్భాలు ఉన్నాయని బాపు చెప్తాడు. ఈ మధ్య ఆ సందడి లేదు. హాల్లో నలభై మంది ముసలివాళ్లు, వాళ్లలో సగం మందికి దగ్గు. అరిచే ఓపిక ఎవరికి ఉంది? అందుకే నాటకాలు టైముకు అయిపోతున్నాయి. మా టైమ్‌టేబుల్ నిలబడ్డది ఆ ముసలి గొంతుల అలసట మీద.

ఆ రోజు కార్తీక మాసంలో ఒక శనివారం. చలి అప్పుడే మొదలైంది. జిల్లాల నుంచి పేరున్న పెద్ద నటుడు చాలా ఏళ్లకు వస్తున్నాడని హాలు నిండిపోయింది. నేను పట్టుచీర కట్టుకున్నాను. చీరకు సరిపోతుందని రోజువారీ సంచి ఇంట్లో వదిలేసి, అరచేతంత బ్యాగు తెచ్చుకున్నాను. సూది, ఫోను, బండి తాళం, అంతే పట్టాయి. రోజూ వెంట ఉండే గ్లూకోజ్ పొట్లం పాత సంచిలోనే ఉండిపోయింది. ఒక చీర కోసం నేను చేసిన పని అది, ఎవరి మీదా తోసెయ్యలేను.

తొమ్మిదింపావుకు బాపు నా మోచేతిని తట్టాడు. వరండాలోకి పోయాం. ఆయన చొక్కా ఎత్తితే ఫోను వెలుతురులో సూది వేశాను. తిరిగి వచ్చి కూర్చున్నాం. ఆఖరి సీనుకు తెర లేచింది. ఆ పెద్దాయన రాజు వేషంలో వచ్చి మొదటి పద్యం ఎత్తుకున్నాడు. డెబ్భై దాటిన గొంతు అని చెప్తే ఎవరూ నమ్మరు. రాగం పైకి పోయి అక్కడే నిలబడిపోయింది. నా చేతుల మీద రోమాలు లేచాయి. పద్యం ముగిసీ ముగియకముందే ఒక అరుపు వినిపించింది.

"వన్స్ మోర్!"

ఆ అరుపు మా బాపుది. కిక్కిరిసిన బస్సులో వెనక డోరు నుంచి డ్రైవరు దాకా వినపడాలని పెంచుకున్న గొంతు అది. హాలంతా లేచింది. ఆ నటుడు మళ్లీ పాడాడు. రెండో పద్యానికి మళ్లీ వన్స్ మోర్. మూడో దానికి రెండుసార్లు. నాకు గడియారం గుర్తుంది, లేదని చెప్పను. తొమ్మిదీ నలభైకి బాపు చెవి దగ్గర, "పోదాం బాపు, సూది పడ్డది" అన్నాను.

"కూసో బిడ్డా. గిసువంటి గొంతు మళ్ల ఇంటమా? ఇంగ రెండే పద్యాలు."

రెండే అన్నాడు గానీ ఒక్కోదాన్ని మూడేసిసార్లు పాడించాడు. ఆయనను రెక్క పట్టి లేపాల్సింది. లేపలేదు సరికదా, ఆఖరి పద్యానికి నేను కూడా అరిచాను. ఇది ఇంతవరకు డాక్టరమ్మకు చెప్పలేదు.

తెర పడేసరికి పదీ పది. అప్పుడైనా బయటికి ఉరకాలి. బాపు ఆ నటుడి చెయ్యి పట్టుకోందే రానన్నాడు. మేకప్ గది ముందు జనం. ఆయన చెయ్యి పట్టుకొని, కళ్లకద్దుకొని వచ్చేసరికి ఇంకో పది నిమిషాలు పోయాయి. స్కూటీ ఎక్కేటప్పుడు ఆయన నవ్వుతూనే ఉన్నాడు. "ఇయ్యాల పుల్కాలు పది తింట" అన్నాడు. నేను బేగంబజార్ సందుల్లోకి బండిని తోలిన తోలుడుకు ఒక కుక్క తప్పుకొని నన్ను తిట్టింది.

మెస్సు షట్టరు సగం దించి ఉంది. లోపల సేట్ బెంచీలు బల్లల మీదికి ఎత్తేస్తున్నాడు. నేల కడిగిన నీళ్లు మెట్ల మీంచి వీధిలోకి పారుతున్నాయి.

"చూల్హా ఠండా హో గయా, బెహన్" అన్నాడు ఆయన, చల్లారిన పొయ్యి వైపు చెయ్యి చూపిస్తూ. "పది నిమిషాల్ ముంగట వస్తే నేనే కూసోబెడ్తుంటి. పిండి గూడ లేదు. రేపు రాండ్రి."

ఆయనకు సూది సంగతి చెప్పి ఇంత చక్కెర అడిగితే సరిపోయేది. దోసెడు పెట్టేవాడు. నాకు అప్పుడు తోచింది భోజనమే. అఫ్జల్‌గంజ్‌లో పెద్ద హోటల్ అర్ధరాత్రి దాకా ఉంటుంది కదా, రెండు నిమిషాలు అనుకున్నాను. బండి తిప్పుతూ అదే చెప్పాను.

"కార్తీకంల నేను బిర్యానీ హోటల్ మెట్లు ఎక్కుతనా?" బాపు గొంతులో ఒక్కసారిగా కోపం. "మీ అమ్మ ఉంటే గిట్ల అంటుండెనా? పోను. నన్ను ఏడికీ తోల్కపోకు."

ఆయన నన్ను అలా కసరడం నేనెరుగను. ఆకలి కోపమనుకున్నాను. బండి పోనిచ్చాను. రెండు సందులు దాటాక నా భుజం మీద ఉన్న ఆయన చెయ్యి తడిగా తగిలింది. చీర భుజం మీద చల్లగా అంటుకుంది. కార్తీకం చలిలో, బండి మీద గాలి కొడుతుంటే, మనిషికి చెమట ఎందుకు పడుతుంది? ఆ ప్రశ్న వచ్చిన క్షణమే బ్రేకు వేశాను. బాపు బరువంతా నా వీపు మీద పడింది.

ఎలా దింపానో తెలియదు. ఒక షట్టరుకు ఆనించి మెట్టు మీద కూర్చోబెట్టాను. మొహమంతా చెమట. కళ్లు తెరిచే ఉన్నాయి గానీ నన్ను దాటి ఎక్కడో చూస్తున్నాయి. "బాపూ" అని చెంపలు పట్టుకున్నాను.

"ముందుకు జరగాలె" అన్నాడాయన. "ముందుకు జరగాలె, ముందుకు. లోపట ఖాళీ ఉన్నది. టికెట్, టికెట్."

మనిషి పడిపోతాడని డాక్టరమ్మ చెప్పింది. ఇలా మాట్లాడతాడని చెప్పలేదు. నన్ను చూస్తూ నన్ను ఎరగని కళ్లు అవి. భయం భయమని రోజుకు పదిసార్లు అనుకునేదాన్ని, అసలు భయమంటే ఏమిటో ఆ మెట్టు మీద తెలిసింది.

బ్యాగు బోర్లించాను. వాడేసిన సూది, తాళం, రుమాలు. ఫోను తీసి అంబులెన్సుకు చేశాను. ఎక్కడున్నారని అడిగారు. బేగంబజార్ అన్నాను. ఏ సందు, ఏం గుర్తు అన్నారు. ఏం గుర్తు చెప్పాలి? ఇటు షట్టర్లు, అటు షట్టర్లు, అన్నింటికీ తాళాలు. వెనక సందులో లారీల సరుకు దిగుతోంది, దారి ఇరుకు అని చెప్పాను. వస్తున్నామన్నారు, ఇరవై నిమిషాలన్నారు. ఇరవై నిమిషాలు ఎక్కడినుంచి తేవాలి? ఆయనను మెట్టు మీద వదిలి లారీల దాకా ఉరికితే పక్కకు పడిపోతాడు.

అప్పుడు వాసన తగిలింది. బెల్లం వాసన. నేను బండి ఆపింది బెల్లం, చక్కెర టోకు దుకాణాల సందు. మా వీపు వెనక ఉన్న ఆ షట్టరు లోపల బస్తాలకు బస్తాలు ఉన్నాయి. ఎదుటి షట్టరు లోపల కూడా. పొద్దున ఇక్కడ లారీలకు లారీలు అమ్ముతారు. నాకు కావాల్సింది ఒక్క చెంచా. నేను షట్టరును రెండు చేతులతో కొట్టాను. గాజులు పగిలి మణికట్టు గీసుకుంది. లోపల ఎవరూ ఉండరని తెలుసు, సేట్లు పైన ఇళ్లలో కూడా ఈ రోజుల్లో ఉండటం లేదు. అయినా కొడుతూనే ఉన్నాను. "ఎవరన్న ఉన్నరా" అని నేను అరుస్తుంటే, నా వెనక బాపు బస్సు ఆపమని డ్రైవరుకు చెప్పినట్టు "హోల్డాన్, హోల్డాన్" అంటున్నాడు.

సందు చివర ఒక తోపుడు బండి మీద గోనె సంచుల కుప్ప కదిలింది. అందులోంచి ఒక మనిషి లేచాడు. నడి వయసు హమాలీ. తలకు తువ్వాల, మీద గోనెపట్టా. మామూలుగా అయితే ఆ వేళ ఆ సందులో అలాంటి మనిషి నా వైపు నడిచి వస్తుంటే నేను పారిపోయేదాన్ని.

"ఏమైందక్కా, గీ లొల్లేంది?" అన్నాడు.

"మా బాపుకు షుగర్ పడిపోయింది. చక్కెర కావాలె. జర్రంత. ఏదన్న తీపి. చచ్చిపోతడు అన్నా."

అతను తలకున్న తువ్వాల ఊడదీశాడు. దాని ఒక కొసకు ముడి ఉంది. బేగంబజార్‌లో బస్తా దించేటప్పుడు కింద రాలిన సరుకు హమాలీది. అది ఎప్పటినుంచో ఉన్న కట్టుబాటు, ఏ సేటూ దానికి అడ్డం చెప్పడు. బియ్యం దించినవాడికి బియ్యం, బెల్లం దించినవాడికి బెల్లం. మర్నాడు ఇంటికి తీసుకుపోదామని తువ్వాల కొసకు ముడేసుకుంటారు. అతను పళ్లతో ముడి విప్పాడు. గోనె పీచు, దుమ్ము కలిసిన నల్లటి బెల్లం పొడి, వేలెడు ముక్కలు రెండు. పీచు ఊదేసి ఒక ముక్క నా చేతిలో పెట్టాడు.

నేను దాన్ని బాపు పెదవుల దగ్గర పెట్టాను. ఆయన మొహం తిప్పేశాడు. మళ్లీ పెట్టాను. పళ్లు గట్టిగా బిగించాడు.

"డ్యూటీల ఏం తినను" అన్నాడు పళ్ల మధ్యనుంచి. "పైసల్ తియ్యాలె. చిల్లర లేదు."

"నోరు తెరువు బాపూ, నేనే. నేను బాపూ." నేను ఏడుస్తున్నాను. ఆయన నా చేతిని తోసేశాడు. బెల్లం ముక్క కింద పడింది. దాన్ని వెతకడానికి వంగితే, చీకట్లో కన్నీళ్ల వల్ల ఏమీ కనపడలేదు. ఆయన తల షట్టరు మీద పక్కకు వాలుతోంది. మాటలు ముద్దగా వస్తున్నాయి. ఇంకాసేపు అయితే నోరు తెరిచినా మింగలేడు. ఇక అయిపోయిందనిపించింది. అమ్మకు ఏం చెప్పాలి అనుకున్నాను, అమ్మ లేదన్న సంగతి కూడా మరిచి.

హమాలీ నన్ను పక్కకు జరిపి బాపు ముందు గొంతుక్కూర్చున్నాడు. "అక్కా, బస్సుల జేసెటోడా?" అని అడిగాడు. తల ఊపాను. అతను షట్టరు మీద అరచేత్తో రెండు దెబ్బలు గట్టిగా వేశాడు, బస్సు డొక్క మీద కండక్టర్లు కొట్టినట్టే.

"సార్, లాస్ట్ స్టాప్ వచ్చింది. బండి ఆగింది. డ్యూటీ అయిపోయింది సార్."

బాపు కళ్లు కొంచెం కదిలాయి. "అందరు దిగిండ్రా?"

"దిగిండ్రు సార్. బండి ఖాళీ. డ్రైవరన్న చాయ్ తాగ పోయిండు. మీరు గూడ జర నోరు తీపి జేస్కోన్రి."

బాపు నోరు తెరిచాడు. హమాలీ రెండో ముక్కను వేళ్లతో నలిపి చెంప లోపల పెట్టాడు. నేను ఆయన గొంతు మీద చెయ్యి వేసి కూర్చున్నాను, మింగుతున్నాడా లేదా అని. మింగాడు. మిగిలిన పొడి కూడా కొంచెం కొంచెంగా పెట్టాం. హమాలీ సీసాలోంచి నీళ్లు చేతిలో పోసుకొని ఆయన పెదవులు తడిపాడు.

ఆ తర్వాత పావుగంట. ఆ పావుగంట గురించి ఎక్కువ రాయలేను. నేను ఆయన చెమట తుడుస్తూ ఉన్నాను, అది మళ్లీ పడుతూ ఉంది. ఊపిరి లెక్కపెట్టాను. తప్పితే మొదటినుంచి పెట్టాను. మొక్కని దేవుడు లేడు. చార్మినార్ పక్కన అమ్మవారికీ మొక్కాను, మా షాపు ఎదురుగా ఉన్న దర్గాకూ మొక్కాను. హమాలీ పక్కనే నిలబడ్డాడు.

ఒకసారి తుడిచిన నుదురు మళ్లీ తడవలేదు. చెయ్యి పెట్టి చూశాను. పొడిగా ఉంది. బాపు నా వైపు చూశాడు, ఈసారి నన్నే.

"గిదేంది బిడ్డా, నేల మీద కూసున్నవు? పట్టుచీర ఖరాబైతది."

నేను ఆయన మోకాళ్ల మీద తల పెట్టి బావురుమన్నాను. "వన్స్ మోర్ అన్నవంటే గొంతు పిసుకుత" అన్నాను. ఆయనకు ఏమీ అర్థం కాలేదు. హమాలీ మొహం తిప్పుకొని నవ్వాడు.

అంబులెన్సుకు ఫోన్ చేసి మనిషి తేరుకున్నాడని చెప్పాను. అది తప్పేనని, వచ్చినాక చూపించాల్సిందని మర్నాడు డాక్టరమ్మ గంటసేపు తిట్టింది. ఆ తిట్లన్నీ తలవంచుకొని తిన్నాను. అప్పుడు మాత్రం నా ధ్యాసంతా ఒకటే, ఆ బెల్లం కరిగిపోయేలోపు కడుపులో అన్నం పడాలి. హమాలీనే అడిగాను, ఇంత రాత్రి ఇక్కడ ఏం దొరుకుతుందని.

"మాకు దొరుకుతది, మీరు తింటరో లేదో" అన్నాడు.

వెనక సందులో లారీల సరుకు దిగేచోట ఒక అవ్వ రాళ్ల పొయ్యి పెట్టుకొని ఉంది. రాత్రి సరుకు దించే హమాలీల కోసం ఆమె రొట్టెలు చేస్తుంది. పాలమూరు మనిషి. జొన్నపిండి అరచేతుల మధ్య తట్టి తట్టి పళ్లెమంత చేసి పెనం మీద వేస్తోంది. మేము పోయేసరికి ఆమె అడిగింది ఒక్కటే: "ఉపాసమా, నీచు తింటరా?" ఉపవాసం కాదు, కార్తీకం అని చెప్పాను. ఉత్త పప్పు ఉందన్నది. మడిచిన గోనె సంచి మీద కూర్చోబెట్టి బాపు చేతికి వేడి రొట్టె ఇచ్చింది, మీద పెసరపప్పు, పక్కన పచ్చిమిరపకాయ తొక్కు, ఒక ఉల్లిగడ్డ చితక్కొట్టి. నేను బాపు మొదటి ముద్ద మింగేదాకా ఊపిరి తీసుకోలేదు. రెండో రొట్టెకు ఆయన "పుల్కాలు దీని ముంగట ఎందుకు పనికొస్తయి" అన్నాడు. మూడో రొట్టె అడిగాడు. అప్పుడు నాకు ఆకలి తెలిసింది. గాజులు పగిలిన చేత్తోనే తిన్నాను. ఆ పప్పు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది గానీ, అది మళ్లీ తినడానికి ఆ సందులోకి పోవాలంటే మాత్రం నాకు కాళ్లు రావు.

హమాలీకి ఏదైనా ఇవ్వబోతే తువ్వాల తలకు చుట్టుకుంటూ, "రాలిందే గదక్కా, రేపు మళ్ల రాలుతది" అన్నాడు. పేరు కూడా చెప్పలేదు. నేను అడగనూ లేదు. ఆ సంగతి ఇంటికి వచ్చాక గుర్తొచ్చి సిగ్గుపడ్డాను.

నయాపూల్ మీదుగా ఇంటికి వస్తుంటే బాపును నా నడుముకు చీర కొంగుతో కట్టుకున్నాను. మెల్లగా, తాబేలు నడకన తోలాను. షాలిబండ చేరాక గ్లూకోమీటరుతో చూశాను, తర్వాత అరగంట అరగంటకూ చూశాను. వేలి కొసలన్నీ పొడిచాక ఆయన చెయ్యి లాక్కున్నాడు. లైటు ఆర్పలేదు నేను. మంచం పక్కన కుర్చీ వేసుకొని, ఆయన నుదుటి మీద చెయ్యి పెట్టుకొని కూర్చున్నాను. తడి తగులుతుందేమోనని.

తెల్లవారుజామున ఆయన కళ్లు తెరిచాడు.

"పండుకోలేదా? గంత భయమైందా బిడ్డా?"

"అయ్యింది."

ఆయన పైకప్పు వైపు చూశాడు. "నాకేం భయం గాలే. డ్యూటీల ఉన్నట్టే ఉండె. బండి నిండ జనం. ఊపిరాడ్తలేదు." దుప్పటి కొంచెం కిందికి జరిపాడు. "ఒక ఆడామె నా ముంగట్నే నిలవడ్డది. ఒకటే ఏడుస్తున్నది. టికెట్ తియ్యలే."

"నువ్వు అడగలేదా?"

"అడుగుదామని నోటిదాక వచ్చింది. అడగబుద్ధి గాలే. ఎవరో ఏమో, ఇంట్ల ఎవరు పోయిండ్రో అనుకున్న. పోనీలే అని ఇడిసిపెట్టిన." గొంతు తగ్గించాడు, ముప్పై నాలుగేళ్ల సర్వీసులో మొదటి తప్పు ఒప్పుకుంటున్నట్టు. "ఆఖరి స్టాప్‌ల అందరు దిగిండ్రని ఎవరో చెప్పిండ్రు గని, ఆమె దిగలే బిడ్డా. నా గొంతు మీద చెయ్యి వెట్టి గట్లనే కూసున్నది."